తేనెటీగలకు ఆ మోత ఎక్కడిది?

ఒకప్పుడు తేనెటీగలు మోత చేసేవి కావు. ఇప్పుడు చెవి పక్కనుంచి వెళ్తే ఉలిక్కిపడి చెయ్యి విసురుతారే, ఆ రోజుల్లో ఆ గొడవే లేదు. వచ్చేవి, పువ్వు మీద వాలేవి, తేనె తాగేవి, పోయేవి. దొంగలు కూడా అంత చప్పుడు లేకుండా తిరగలేరు.

అప్పట్లో ఒక కొండ మీద, రాతి పగులులో ఒక తేనెపట్టు ఉండేది. అందులో గున్నమ్మ అనే తేనెటీగ ఉండేది. పిల్లల్ని చూసుకోవడం దాని పని. తేనెటీగల పిల్లలు మైనపు గదుల్లో పెరుగుతాయని తెలుసుగా? గదికొక్క పిల్ల. వాటికి కళ్ళుండవు, రెక్కలుండవు. తెల్లగా, మెతుకుల్లా ముడుచుకుని పడుకుంటాయి.

ఆ ఏడు పుష్యమాసంలో చలి పట్టుకుంది చూడండి, అబ్బో! చలిగాలి రాతి పగులులోకి తల దూర్చి, "ఏమర్రా, అంతా కులాసాయేనా?" అంది.

"నీకు దండం పెడతాను, వెళ్ళవే తల్లీ! లోపల పసివాళ్ళున్నారు" అంది గున్నమ్మ.

"ఉంటే ఉండనీ. ఊరూరా తిరిగి నా కాళ్ళు పడిపోయాయి. నాకూ ఓ చోటు కావద్దూ?" అని చలిగాలి లోపలికొచ్చి చతికిలబడింది.

ఇంకేముంది! గదులన్నీ చల్లబడిపోయాయి. అంచు గదిలోంచి ఒక పిల్ల సన్నగా అడిగింది. "ఎవరైనా ఉన్నారా? నాకు చలేస్తోంది."

"ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అంది గున్నమ్మ పరుగెత్తుకెళ్ళి. అంతలో పక్క గదిలోంచి "ఉన్నారా?" అని ఇంకో పిల్ల. దానికి జవాబు చెప్పేలోగా మొదటిది మళ్ళీ "ఉన్నారా?" అని. ఒక్క గున్నమ్మ ఎన్ని గదులకని పరుగెత్తుతుంది? వెచ్చదనం లేకపోతే పిల్లలు బతకవు. ఆ సంగతి గున్నమ్మకు బాగా తెలుసు. 

తెల్లవారుతుండగా అది వెచ్చదనం వెతుక్కుంటూ కొండ దిగింది. అక్కడ ఒక పూరింట్లో పైడమ్మ అవ్వ తిరగలి ముందు కూర్చుని రాగులు విసురుతోంది. ఒంటి మీద పాత చీర తప్ప ఇంకో గుడ్డ లేదు. అయినా వణకడం లేదు! ఇంట్లో ఏదో మోత, గుండ్రంగా, ఆగకుండా. గున్నమ్మ వెళ్ళి తిరగలి రాయి మీద వాలింది. రాయి వెచ్చగా ఉంది.

"ఓస్, ఇంతేనా! తిరగాలన్నమాట!" అనుకుని, అవ్వని ఒక్క మాటైనా అడక్కుండా ఇంటికి పరుగు తీసింది. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయనుకుందో ఏమో.

"తిరగండర్రా, తిరగలిలా తిరగండి!" అంది. తేనెటీగలన్నీ పట్టు చుట్టూ గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. తిరిగాయి, తిరిగాయి. కళ్ళు తిరిగి ఒకదాని మీద ఒకటి దబదబా పడ్డాయి. వెచ్చదనం మాట దేవుడెరుగు, ఉన్న ఓపిక కాస్తా పోయింది.

"భలే భలే! మళ్ళీ ఆడండి!" అని చలిగాలి చప్పట్లు కొట్టింది.

నవ్వుతున్నారా? మీకేం, దుప్పట్లో ఉన్నారు. ఆ అంచు గదిలో పిల్ల గొంతు అప్పటికే నీరసపడిపోయింది. గున్నమ్మ సిగ్గు పక్కనపెట్టి, మర్నాడు మళ్ళీ అవ్వ దగ్గరికి వెళ్ళింది. ఈసారి నోరు విప్పి అడిగింది.

"అవ్వా, అవ్వా, నీ తిరగలి కాస్త మాకిస్తావా? మా పిల్లలు చలికి చచ్చిపోయేలా ఉన్నారు."

"పిచ్చిదానా, తిరగలి వేడి పిండికే సరిపోతుంది. ఇలా రా" అంది పైడమ్మ అవ్వ. తిరగలి ఆపేసింది. చిత్రం! రాయి ఆగింది గానీ మోత ఆగలేదు. గున్నమ్మ అవ్వ రొమ్ము మీద వాలింది. అది లోపల్నుంచి సన్నగా అదురుతోంది. గున్నమ్మ కాళ్ళకు ఆ అదురు తగిలింది, ఒళ్ళంతా పాకింది.

"ఏమిటవ్వా ఇది?"

"ఓంకారం. నోరు తెరిస్తే అ. పెదాలు సున్నా చుడితే ఉ. మూసుకుంటే మ్. మొదలూ, నడుమా, చివరా అన్నీ అందులోనే ఉన్నాయంటారు. రోజూ పొద్దున్నే అనుకుంటాను."

"అంటే అర్థం?"

"పెద్దవాళ్ళు చాలా చెప్తారు. మా అమ్మ నాకు చెప్పింది ఒక్కటే. ఓం అంటే ఔను అని. 'దేవుడా, ఉన్నావా?' అని బెంగపడతాం చూడు, దానికి 'ఔను, ఉన్నాను' అని జవాబు. ఆ జవాబు మన గుండెలోంచే వస్తుంది."

గున్నమ్మకు అంచు గది గుర్తొచ్చింది. దాని పిల్లలు అడుగుతున్నదీ అదే కదా!

"కానీ నాకు పెదాలు లేవే అవ్వా! అ రాదు, ఉ రాదు."

"చివరిది నోరు మూసుకునే అంటారు. నీకది చాలు. ఒంట్లోంచి రావాలంతే. ఒకటి మాత్రం గుర్తుంచుకో. రోజూ అనాలి. నిన్న తిన్న అన్నం ఇవాళ్టి ఆకలికి అక్కరకొస్తుందా?"

గున్నమ్మ రివ్వున ఇంటికొచ్చి చెప్పింది. తేనెటీగలు మొహాలు చూసుకున్నాయి. "మనకెక్కడి మంత్రాలు? తప్పు పలికితే?" అన్నాయి.

"చలికి ఎలాగూ వణుకుతున్నాం కదర్రా! ఆ వణుకునే ఓంకారం చేయండి" అంది గున్నమ్మ. రెక్కలు ముడిచి, నోరు మూసి, రొమ్ము అదిరించింది. ఝుమ్మ్మ్... పక్కది అందుకుంది. దాని పక్కది అందుకుంది. పట్టంతా ఒక్కటే మోత! మైనం వెచ్చబడింది. "ఉన్నారా?" అని అడగబోయిన పిల్లలన్నీ అడక్కుండానే నిద్రపోయాయి.

చలిగాలికి లోపల ఉక్కపోసింది. "అబ్బా, మీ దగ్గర కూర్చోలేనర్రా" అని లేచి గుమ్మం బయటికి పోయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు మధ్యాహ్నం బాగా ఎండ కాసింది. "ఇంకెందుకులే, చలి పోయిందిగా" అని తేనెటీగలు మోత మానేసి పువ్వుల మీదికి పోయాయి. సాయంత్రం చలిగాలి మెల్లగా లోపలికొచ్చింది. గున్నమ్మ తిరిగొచ్చి అంచు గదికి పరుగెత్తింది. "ఉన్నారా?" అని ఎవరూ అడగలేదు.

గున్నమ్మ ఏడవలేదు. ఏడవడానికి టైము లేదు. గది మీద బోర్లా పడుకుని ఒక్కతే మోత మొదలుపెట్టింది. ఝుమ్మ్మ్... "ఉన్నానమ్మా, ఉన్నాను." ఒళ్ళు పులిసిపోయింది. రెక్కలు వేలాడిపోయాయి. మోత సన్నబడింది. ఇక ఆగిపోతుందనగా పక్కనున్న తేనెటీగ అందుకుంది. అది అలిసిపోతే ఇంకోటి. తల వంచుకుని ఒక్కొక్కటీ వచ్చి కలిశాయి.

చాలాసేపటికి గదిలో ఏదో కదిలింది. "ఉన్నారా?" అంది పిల్ల, గొంతు బొంగురుగా.

పట్టు పట్టంతా ఒక్కసారి ఓంకారమై పలికింది. గున్నమ్మ అప్పుడు ఏడ్చింది, హాయిగా, కడుపునిండా.

ఆ పిల్లకు రెక్కలొచ్చాయి. వసంతం రాగానే అది గదిలోంచి బయటికొచ్చి, మొదటి పువ్వు మీదికి ఎగురుతూ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఝుమ్మంది! ఎవరూ నేర్పలేదు. చీకట్లో అన్నాళ్ళు విన్నది అదే మరి.

అప్పటినుంచే తేనెటీగలు ఎక్కడికెళ్ళినా ఝుమ్మంటూ వెళ్తాయి. ఎంత చలి పడినా తేనెపట్టు లోపల వెచ్చగా ఉంటుంది. దగ్గరికెళ్ళి చెవి ఆనించేరు, కుడతాయి! దూరంగా నిలబడి వినండి చాలు. ఒకటి అలిసిపోతే ఇంకోటి అందుకుంటూ, అడిగినా అడక్కపోయినా, అవి ఈరోజుకీ పిల్లలకు జవాబు చెప్తూనే ఉన్నాయి.