ఇప్పచెట్టు ఆకేసినప్పుడు

సుప్రజ పెట్టిన సిగ్నల్ వేసవి మొదట్లో బంగారంలా పనిచేసి, తొలకరి నాటికి చచ్చి ఊరుకుంది.

కొర్రగూడెం బడి పక్కన స్తంభానికి పాలక్యానంత పెట్టె ఒకటి తగిలించి ఉంటుంది. దాన్ని చిన్న సెల్లు అంటారు. గూడెంలో ఫోన్లు పలికేది దానివల్లే. అయితే పెట్టె ఒక్కటే ఉంటే ఏం లాభం? అది పట్టుకున్న మాటల్ని మూడు కిలోమీటర్ల అవతల గుట్ట మీదున్న పెద్ద టవరుకి చేర్చే దారి కావాలి. మధ్యలో వాగు, అడవి. తీగ లాగే ప్రశ్నే లేదు. గాలిలోంచే దారి వెయ్యాలి.

ఆ దారిని ఫోన్ కంపెనీ కొత్త ఇంజనీరు సుప్రజ ఫిబ్రవరిలో మూడు రకాలుగా కాగితం మీద రాసింది. ఉపగ్రహం మీదుగా తెస్తే మాట ఆలస్యంగా చేరుతుంది. చెట్ల సందుల్లోంచి దూరి వచ్చే తరంగమైతే సన్నటి ధార. గుట్ట మీదొక డిష్షు, గూడెంలో ఒక డిష్షు ఎదురెదురుగా పెడితే మాత్రం వరదే. మొదటి రెండూ కొట్టేసింది. గుట్ట మీంచి దుర్భిణిలో చూస్తే బడి గోడ మీది అక్షరాలు కూడా కనిపించాయి, ఇంకేం కావాలి? ఉద్యోగంలో చేరిన ఏడాదికే సొంతంగా వేసిన దారి. పిల్లకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆమెకి పని నేర్పిన మౌలాలి గారు అప్పుడు ఖమ్మంలో ఒక కంటి తర్వాత ఇంకో కంటికి శుక్లాలు తీయించుకుంటూ సెలవులో ఉన్నారు. ముప్పై ఏళ్ళు గుట్టకీ గుట్టకీ చూపు కలిపిన మనిషికి చివరికి చూపే మసకబారింది. జూన్‌లో నల్ల కళ్ళద్దాలతో ఆయన తిరిగొచ్చేసరికి సుప్రజ ఒక కాగితం పట్టుకుని సిద్ధంగా ఉంది.

"గూడెం డిష్షుకి ఒక ఇప్పచెట్టు అడ్డొస్తోంది గురువుగారూ. కొట్టించాలి. చెట్టు గలావిడ ముత్తక్క వేలిముద్ర వేసేసింది. మీరు సంతకం పెడితే అనుమతికి పంపుతాను."

"ఫిబ్రవరిలో చెట్టు లేదా తల్లీ?"

"ఉందండీ. ఆకు లేదు."

చలికాలం చివర ఇప్పచెట్టు ఆకంతా రాల్చేసి నిలబడుతుంది. పువ్వు రాలాక మళ్ళీ గుబురుగా ఆకేస్తుంది. వాన పడి ఆ ఆకు తడిస్తే డిష్షు చూపు దాన్ని దాటదు. గూడెంలో మేకపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇంజనీరమ్మకి తెలియలేదు. తెలిశాక ఆమెకి చెట్టు మీద కోపం వచ్చింది.

"ముత్తక్క ఎలా ఒప్పుకుంది?"

"మనవరాలికి నెలలు నిండుతున్నాయి. వాగు పొంగితే ఫోనొక్కటే దిక్కు కదా. చెట్టు పోతే పోనీ అంది. ఐదు నిమిషాల్లో తేలిపోయింది."

ఏటా రెండు బస్తాల పువ్వు రాల్చే చెట్టది. అత్తగారి చేతి నుంచి ముత్తక్క చేతికొచ్చింది. కోయగూడేల్లో ఇప్పచెట్టు మీద గొడ్డలి వెయ్యడమంటే ఎంత మాటో మౌలాలి గారికి తెలుసు. ఆయన సంతకం పెట్టకుండా కాగితం తిరిగి ఆమె చేతిలోనే పెట్టారు. "పద, చూసొద్దాం," అన్నారు.

గూడెంలో వాన వెలిసి ఎండ కాస్తోంది. చెట్టు కింద పడి ఉన్న తడి ఆకు ఒకటి తీసి, మౌలాలి గారు సుప్రజ కళ్ళకి అడ్డంగా పట్టుకున్నారు.

"కనబడుతున్నానా?"

"లేదండీ."

ఆమె ఆకుని తోసేయడానికి చెయ్యెత్తింది. ఆయన రెండో చేత్తో ఆ చేతిని మెల్లగా ఆపారు. ఆకు పట్టుకున్న చెయ్యి కదపకుండా, తాను ఒక్క అడుగు పక్కకి జరిగారు.

"ఇప్పుడు?"

"కనబడుతున్నారు."

ఆకు ఆమె చేతిలో పెట్టారు. సంచిలోంచి గుండ్రటి పాత అద్దం తీసి అదీ ఇచ్చారు. వెనకటి రోజుల్లో ఇటు గుట్ట మీద ఒకరు, అటు గుట్ట మీద ఒకరు నిలబడి ఎండని అద్దంతో పంపుకుంటూ దారులు వెతికేవారు. ఒకసారి మెరిస్తే కనబడ్డావని. రెండోసారి మెరిస్తే, ఇక దిగొచ్చి అన్నం తినమని. ఆయన ఇంకో అద్దం తీసుకుని జీపెక్కి గుట్టకి వెళ్ళిపోయారు.

సుప్రజ ఆకూ అద్దమూ పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు కనిపించింది ముత్తక్క. చెట్టుకి అవతల, మానుకి వీపు ఆనించి, బెరడు మీద అరచెయ్యి వేసి కూర్చుని ఉంది. సుప్రజ వెళ్ళి పక్కన కూర్చుంది. అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"అవ్వా, టవరు గుట్ట ఇంకెక్కడి నుంచైనా కనిపిస్తుందా?"

"మేము పువ్వెండేసే బండ మీంచి కనిపిస్తది. రోజూ రాత్రి ఎర్రలైటు చూస్తనే ఉంటం. ఇటు బడి గూడ అరచేతిల ఉన్నట్టే ఉంటది."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"నువ్వడగలే గద బిడ్డా. వేలెయ్యమన్నవ్, ఏసిన."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే సుప్రజకి ఎక్కువ గుచ్చుకుంది.

బండ ఎక్కి అద్దం ఎండకి తిప్పింది. చాలాసేపు గుట్ట పచ్చగా ఊరుకుంది. తర్వాత దాని నెత్తిన ఒక మెరుపు మెరిసింది. కాసేపాగి ఇంకొకటి. సుప్రజ కళ్ళు తుడుచుకుని దిగొచ్చింది.

వారం తిరిగేసరికి బండ మీద ఒక గొట్టం, దానికి రెండు డిష్షులు వెలిశాయి. ఒకటి గుట్టని చూస్తుంది, ఒకటి బడిని చూస్తుంది. మాట ఇప్పచెట్టుని చుట్టుకుని వచ్చి చేరుతుంది. ఆపై నెలలో వాగు పొంగిన పొద్దునే ముత్తక్క మనవరాలికి నొప్పులొచ్చాయి. ఫోను కలిసింది. అంబులెన్సు అవతలి ఒడ్డున వచ్చి ఆగింది. పడవలో దాటించారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

బిడ్డని చూడ్డానికి వెళ్ళినప్పుడు సుప్రజ ఆ వేలిముద్ర కాగితం ముత్తక్కకి తిరిగిచ్చింది.

"నాకు సదువు రాదు. నేనేం జేసుకుంట?" అంది ముత్తక్క. కాస్త ఆలోచించి, దాన్ని పొట్లంగా చుట్టి, దాచిపెట్టిన ఎండు ఇప్పపువ్వు రెండు గుప్పిళ్ళు పోసింది. "మీ నల్లద్దాల అయ్యకియ్యి," అంది.

సాయంత్రం టవరు కింద మౌలాలి గారు పొట్లం విప్పారు. పువ్వుల అడుగున ఊదారంగు వేలిముద్ర కనబడింది. ఆయన నల్ల కళ్ళద్దాలు తీసి దాన్ని చాలాసేపు చూశారు. సుప్రజ తల వంచుకుని నిలబడింది.

ఆయన ఒక పువ్వు నోట్లో వేసుకుని, ఇంకొకటి ఆమె అరచేతిలో పెట్టారు.

"తిను తల్లీ," అన్నారు. "చెట్టు పంపింది."