బెల్టు చివర నక్కగారు

రైసుమిల్లు పైకప్పు మీద కూర్చుని బెల్టు మీద బస్తాలు కదలడం చూసొచ్చిన దగ్గర్నుంచి కొండముచ్చు వీరాయమ్మకి కంటి మీద కునుకు లేదు. అలాంటిది తమ గుట్టకీ కావాలంది. ఊరుకుంటుందా? ఈతచాపలు వరసగా కుట్టించి, వెదురు బొంగుల మీద పరిపించి, లోయలోని తోట నుంచి గుట్ట మీది గుహ దాకా బెల్టు వేయించింది. కింద ఎద్దు సోములు గానుగ తిప్పినట్టు తిరుగుతుంటే చాప పైకి పాకేది. కుందేళ్లు దాని మీద కాయలు పోసేవి. పైన వీరాయమ్మ వెలగకాయలు, ఉడత బుడ్డెమ్మ ఉసిరికాయలు ఏరి గుహలో వేసేవారు.

ఆకాశం చూస్తే తుఫాను పట్టేలా ఉంది. వాగు పొంగిందంటే తోటకి దారి ఉండదు. ఆ తర్వాత పిల్లలకి గుహలో ఉన్నదే తిండి. పని చూస్తే సాగడం లేదు. కుందేళ్లు రెండు రకాలూ కలిపి పోయడంతో వెలగకాయల మధ్య ఉసిరికాయలు వెతుక్కోలేక బుడ్డెమ్మ కళ్లు కాయలు కాస్తున్నాయి.

అప్పుడొచ్చాడు నక్క పాపారావు, తోక సవరించుకుంటూ.

"వీరాయమ్మక్కా, బెల్టు నత్తలా పాకుతోంది. సోములుని పరిగెత్తించు. చిటికెలో గుహ నిండిపోతుంది."

"సలహాకి నీకేం ఇవ్వాలి?"

"ఛఛ, మీ దగ్గర తీసుకోవడమా! చివర నేల మీద పడి పాడైపోతాయే, అవి ఏరుకుంటాను. అంతే."

పొగిడితే పొంగిపోయే రకం కాకపోయినా, వీరాయమ్మకి అక్కా అంటే చాలు, కరిగిపోతుంది. "మాటిచ్చాను పో" అంది అందరి ముందూ.

మర్నాడు సోములు పరుగందుకున్నాడు. కాయలు రివ్వున దూసుకుపోయాయి. బుడ్డెమ్మ ఒకటి అందుకునేలోపు గుంపులు గుంపులు దాటిపోయి చివర నేల మీద పడ్డాయి. ఒక వెలగకాయ పాపం ఆమెనే తోసేసి వెళ్లింది. పొద్దుగూకేసరికి గుహలో గుప్పెడు కాయలు, పాపారావు బుట్టలో పొర్లిపోయేన్ని.

"అత్తా, నా పిల్లలేం తింటారు? ఆ నక్కని తరిమెయ్యవూ!" బుడ్డెమ్మ బావురుమంది.

"మాటిచ్చి తప్పితే రేపు నా మాట ఎవరు వింటారే?"

వీరాయమ్మకి సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. కాలి దగ్గరున్న వెలగకాయని ఒక్క తన్ను తన్నింది. అది వాలులో దొర్లుకుంటూ పోయి సోములు గిట్టకి ఠపీమని తగిలింది.

"అబ్బా! చచ్చీ చెడీ పైకి పంపితే మళ్లీ నాకే పంపుతారేంటర్రా?"

వీరాయమ్మ నోరు తెరిచింది. తర్వాత పకపకా నవ్వింది. "అన్నా, రేపట్నుంచి నీకే పంపుతాం!"

తెల్లారేసరికి బెల్టు నడుమ పొడవునా ఒక వెదురు దబ్బ కట్టారు. దానికి అటు వెలగ, ఇటు ఉసిరి. బెల్టు చివర తాటిమొద్దు తొలిచిన దోనె ఒకటి తగిలించి, వాలు వెంట దాన్ని కింద కుందేళ్ల దాకా దించారు. సోములు తన మామూలు నడక నడిచాడు. చేతికి అందని కాయ దోనెలో పడి, దొర్లుకుంటూ మొదటికి వెళ్లి, మళ్లీ బెల్టెక్కి వచ్చేది. బుడ్డెమ్మ పాటందుకుంది.

పాపారావు రెండు బుట్టలు తెచ్చుకుని ఎప్పటిచోటే కూర్చున్నాడు. ఎంతసేపు చూసినా ఒక్క కాయా నేల మీద పడలేదు. ఉండబట్టలేక దోనెలో మూతి పెట్టాడు. వెలగకాయ ముక్కు మీద కొట్టి మరీ వెళ్లింది.

"ఇదన్యాయం! నా వాటా ఏదీ?"

"నేల మీద పడ్డదంతా నీదే తమ్ముడూ, మాట మాటే," అంది వీరాయమ్మ. "కూర్చో. పడితే తీసుకో."

తుఫాను వచ్చింది. గుహలో పిల్లలు ఉసిరికాయలు కొరుక్కుంటూ వాన చూస్తున్నారు. పాపారావు ఖాళీ బుట్టలు రెండూ నెత్తిన బోర్లించుకుని ఇంటికి పోయాడు.

నీతి: తొందరపడమని సలహా ఇచ్చేవాడు ఎక్కడ కూర్చుని ఇస్తున్నాడో ముందు చూసుకోవాలి.