పుస్తకం తెరుచుకున్న చోటు

"అయ్యగారూ, బైబిలు తెరిచినప్పుడు ఎదురైన మాట దేవుడు నాకు చెప్పిందేనని ఎలా తెలుసుకోవాలండి?" అని ఆమోసు అడిగాడు. అడిగాడన్న మాటే గాని అతనికి కావలసింది జవాబు కాదు. జవాబు జేబులో పెట్టుకునే వచ్చాడు. దాని మీద పరంజ్యోతి అయ్యగారి ముద్ర ఒకటి పడితే చాలు, మర్నాడు పొద్దున్నే గుంటూరు బస్సెక్కుదామని అతని ఆలోచన.

పరంజ్యోతి అయ్యగారు రేపల్లె దాటాక సముద్రం వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక పల్లెలో జుట్టు నెరిసేదాకా సంఘకాపరిగా ఉన్నారు. ఇప్పుడు మందిరం పక్క వసారాలో, సేవకు వెళ్లదలచిన నలుగురైదుగురికి వాక్యం నేర్పుతున్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన మీద చెప్పే ఫిర్యాదు ఒక్కటే. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. క్షమించడమెలా అని అడిగిన ఒకతన్ని, తనతో మాటలు లేని అన్నగారి చేనుకు నీళ్లు పెట్టి రమ్మన్నారట. ఉపవాసం ఎన్నాళ్లుండాలని అడిగినవాణ్ణి ఎవరిదో పెళ్లిలో చివరి బంతి దాకా వడ్డించమన్నారట. ఇదంతా తెలిసే ఆమోసు అడిగాడు. తన ప్రశ్నలో పని చెప్పడానికి సందు లేదని అతని నమ్మకం.

సంగతి ఇది. ఉప్పుటేరు అవతలి ఊళ్లో జక్కరయ్యగారి అమ్మాయి కెజియతో అతనికి ప్రధానం జరిగింది. ప్రధానమంటే మనవాళ్లలో సగం పెళ్లే. సంఘం ముందు మాట ఇచ్చి, ఉంగరాలు తొడుక్కుని, అందరూ భోజనాలు చేసి ఆశీర్వదించి వెళ్లాక అబ్బాయి వెనక్కి తగ్గాడంటే, ఆ పిల్ల ఆదివారం గుడికి వెళ్లి ఏ వరసలో కూర్చోవాలో తెలియదు. కెజియ అంగన్‌వాడీలో పని చేస్తుంది, పిల్లలకు సండేస్కూలు చెబుతుంది, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆమెలో వంక పెట్టడానికి ఆమోసుకు ఏమీ దొరకలేదు. పాపం, వెతకలేదని కాదు.

వెతకాల్సిన అవసరం గుంటూరు నుంచి వచ్చింది. అక్కడొక పెద్ద మందిరం కాపరిగారు ఇతని ప్రసంగాన్ని ఫోనులో చూసి, కుర్రాడు బాగున్నాడు, గొంతు బాగుంది అనుకున్నారు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆమెను చేసుకుంటే ఆ మందిరంలోనే సహకాపరిని చేస్తామని కబురు పెట్టారు. వేదిక, మైకులు, పాటల బృందం, ఆదివారం వీధి చివరిదాకా నిలబడే మోటారు సైకిళ్లు. ప్రధానం అయిన సంగతి ఆమోసు వాళ్లకు చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని తనకు తాను చెప్పుకున్నాడు. అప్పటినుంచి అతను ప్రార్థన మొదలుపెట్టాడు. గుంటూరు కబురు రాకముందు అతను అంత శ్రద్ధగా మోకరించిన దాఖలా లేదు. నీ చిత్తమేమిటో నువ్వే చూపించు ప్రభువా అని కళ్లు మూసుకుని బైబిలు తెరిచాడు. అబ్రాహామును సొంత ఊరూ, చుట్టాలనూ, తండ్రి ఇంటినీ విడిచి బయలుదేరమని దేవుడు పిలిచిన చోట తెరుచుకుంది. మర్నాడు తెరిస్తే మళ్లీ అదే చోటు. ఆ తరువాత కాలవ గట్టు మీద కూర్చుని తెరిచినా అదే చోటు. ఇంతకంటే ఏం కావాలి? రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

ఇదంతా అయ్యగారికి చెబుతూ, నమ్మరేమోనని, ఆమోసు చేతిలోని బైబిలును ఆయన ముందున్న పీట మీద వీపు ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ తీసేశాడు. పుస్తకం కాసేపు నిలబడదామా అన్నట్టు ఊగి, రెండుగా విచ్చుకుంది. ఆదికాండం పన్నెండో అధ్యాయం. ఆమోసు ముఖం వెలిగింది. అయ్యగారు కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగారు. వచనం మీద ఆయన చూపు ఆగలేదు. పేజీ అంచులు చూశారు, కుట్టు దగ్గర వదులైన దారం చూశారు, పుస్తకాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూశారు.

"నువ్వు తలకి కొబ్బరినూనె రాసుకుంటావా?" అని అడిగారు.

ఆమోసు తెల్లబోయి, లేదండి అన్నాడు. మరి ఈ పుస్తకం ఎక్కడిదని అడిగారు. ప్రధానం రోజు మార్చుకున్నదని ఆమోసు చెప్పాడు. ఆ వైపు సంఘాల్లో ఉంగరాలతో పాటు బైబిళ్లు కూడా మార్చుకుంటారు. అబ్బాయిది అమ్మాయికి, అమ్మాయిది అబ్బాయికి. కొత్తవి కొని ఇవ్వకూడదు, ఎవరు రోజూ చదువుకునేది వాళ్లు ఇవ్వాలి. అయ్యగారు ఇంకేమైనా అంటారేమోనని ఆమోసు చూశాడు. ఆయన పుస్తకం మూసి, పైపంచెతో అట్ట తుడిచి, అతని చేతిలో పెట్టారు. సంబంధం వద్దనుకున్నాక ఆ పిల్ల పుస్తకం నీ దగ్గర ఉండకూడదు, ఇచ్చి రా అన్నారు. దేవుడు నీతో మాట్లాడిన పేజీ ఏదో ఆమెకు చూపించి మరీ ఇమ్మన్నారు. ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు.

ఉప్పుటేరు వంతెన దాటుతుండగా ఆమోసుకు ఆ కొబ్బరినూనె మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. అయ్యగారు పెద్దవారైపోయారు, ఏదో అంటుంటారు అని సర్దిచెప్పుకున్నాడు. వాళ్లింట్లో ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. గుంటూరు ఊసెత్తకుండా, దేవుడు వేరే దారి చూపించాడని, ఇది తన ఇష్టం కాదని, తనకూ బాధగానే ఉందని చెప్పాలి. దేవుణ్ణి ముందు నిలబెడితే ఆయన చాటున ఎంత మనిషైనా దాగిపోతాడు.

కాని ఆ ఇంట్లో అడుగు పెట్టగానే ఆ మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి. జక్కరయ్యగారు చేపల వేటకు వెళ్లారు. కాబోయే అత్తగారు వాకిట్లో ఎండబెట్టిన రొయ్యలను వదిలేసి లేచి, చెంగుతో కుర్చీ తుడిచి వేసింది. అల్లుడుగారు వచ్చారని లోపలికి కేక పెట్టి, మధ్యాహ్నం భోజనం చేసే వెళ్లాలని చెప్పి, అతను ఏమనేలోపే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. కెజియ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమోసు లేచి, పుస్తకం తెరిచి పేజీ చూపించాడు. దేవుడు తనతో ఇక్కడ మాట్లాడాడని మాత్రం అనగలిగాడు.

కెజియ ముఖం విప్పారింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

"మీక్కూడా అక్కడే తెరుచుకుందాండీ?" అంది. "సంబంధం కుదిరిన కాడ్నించీ రోజూ తల దువ్వుకుని అదే చదివేదాన్నండి. ఇక్కడ్నించి ఎప్పుడూ ఎక్కడికీ ఎల్లలేదు కదా, భయమేసేది. అంత పెద్దాయన్నే దేవుడు పుట్టింటోళ్లనొదిలి రమ్మంటే బయలుదేరాడు, నేనెంత అనుకునేదాన్ని. కొంచెం మెల్లగా తిప్పండి, అక్కడ దారం ఊడింది."

ఆమోసు పేజీ వంక చూశాడు. అన్నిసార్లు తెరిచాడు గాని ఆ పేజీని అతను ఇప్పటిదాకా చూడలేదు. మార్జిను నిండా నూనె వేళ్ల మరకలు. ఒకచోట అక్షరాలు ఉబ్బి మసకబారి ఉన్నాయి, తడి తగిలి ఆరినట్టు. తన దగ్గరికి రావడానికి ఆ పిల్ల ఏడ్చి ధైర్యం తెచ్చుకున్న చోటును పట్టుకుని, ఆ పిల్లను వదిలించుకోవడానికి దేవుడి సెలవు అనుకున్నాడు. సిగ్గు చెవుల దాకా పాకింది. ఆ క్షణాన భూమి తెరుచుకుంటే బాగుండుననుకున్నాడు, అదీ తెరుచుకోలేదు.

అతను పేజీ మీంచి కళ్లు తిప్పకపోవడం చూసి, తనిచ్చిన పుస్తకం ఏమైందో అడగలేకపోతున్నాడనుకుంది కెజియ. లోపలికి వెళ్లి, అతనిచ్చిన బైబిలును బట్టలో చుట్టింది చుట్టినట్టే తెచ్చి చూపించింది. బంగారు అంచుల పుస్తకం. బైబిలు స్కూల్లో కంఠస్థం పోటీకి బహుమతిగా వచ్చింది, అట్టపెట్టెలోంచి తీసి ప్రధానం రోజు ఇచ్చాడు. అతను ప్రసంగాలు తయారు చేసుకునేదంతా ఫోనులోనే. "అంచులకి రంగు కదండీ, పేజీలు అతుక్కునున్నాయి," అంది కెజియ. "చిరుగుతాయేమోనని రోజుకి కాసిని విడదీస్తన్నాను. పెళ్లినాటికి బాగా తెరుచుకుంటది."

ఎత్తిపొడిచిందేమోనని ఆమోసు తలెత్తి చూశాడు. ఎత్తిపొడిచి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది. ఆమె ముఖంలో అదేమీ లేదు. వాక్యం చెప్పడానికి వెళ్లబోయేవాడి బైబిలు ఒక్క పేజీ కూడా విడలేదని ఆ పిల్లకు తెలుసు, తెలిసీ దాన్ని ఒక లోపంగా కూడా చూడలేదు, బాగు చేస్తోంది. అప్పుడు ఆమోసు నిజం చెప్పాడు. గుంటూరు సంగతి, అక్కడి మందిరం, అక్కడి అమ్మాయి, తను వెతికిన వంకలు, కళ్లు మూసుకుని తెరిచిన పుస్తకం, ఇవాళ ఎందుకు వచ్చాడో అన్నీ చెప్పాడు. పొయ్యి దగ్గర్నుంచి తాలింపు వాసన వస్తోంది. చెబుతున్నంతసేపూ అత్తగారికి వినబడకుండా గొంతు తగ్గించుకోవాల్సి వచ్చింది, దానికి కూడా సిగ్గేసింది.

కెజియ గోడకు ఆనుకుని విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కిందికి రానివ్వలేదు. తరువాత ఒక్కటే అడిగింది.

"మీకు ప్రధానం అయ్యిందని ఆ అమ్మాయికి తెలుసాండీ?"

తెలియదన్నాడు. ఆమె తలూపి, రెండు పుస్తకాలనూ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. ఇవి ప్రస్తుతానికి ఇక్కడే ఉండనివ్వండి అని, "నేను ప్రార్థన చేసుకుని చెప్తానండి," అంది. లోపల అత్తగారు కంచాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తుండగానే ఆమోసు భోజనం చెయ్యకుండా ఆ ఇంటి మెట్లు దిగాడు.

మనవాళ్లలో ఈ మాటకు అర్థం తెలియనివాళ్లు లేరు. పెళ్లిచూపులకు వచ్చి, స్వీటు తిని, కాఫీ తాగి, "ప్రార్థన చేసుకుని చెప్తాం" అని లేచారంటే ఇక ఆ ఇంటివైపు చూడనక్కర్లేదు. వద్దు అనే మాటను దేవుడి చేత మర్యాదగా చెప్పించడమది. అమ్మాయి నలుపనో, అబ్బాయికి పర్మనెంటు ఉద్యోగం లేదనో ఎవరూ పైకి అనరు. అదంతా ప్రార్థనలోకి పోతుంది. వంతెన మీద నిలబడి ఆమోసు గుంటూరుకు ఫోను చేశాడు, తనకు ప్రధానం అయిందని, చెప్పకపోవడం తన తప్పని చెప్పాడు. అవతలివాళ్లు నాలుగు మాటలు అని ఫోను పెట్టేశారు. అవి పడవలసిన మాటలే. రెంటికీ చెడ్డ రేవడిలా, బైబిలు కూడా లేని ఒట్టి చేతులతో అయ్యగారి వసారాకు తిరిగి వచ్చాడు.

జరిగిందంతా దాచకుండా చెప్పాడు. నూనె మరకల సంగతీ, విడని పేజీల సంగతీ కూడా వదల్లేదు. అయ్యగారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, అతను తాగేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఇన్నాళ్లూ దేవుడి చిత్తం కనుక్కోవడానికి తొందరపడినవాడికి, ఇప్పుడు కనుక్కోవాలంటే భయంగా ఉంది. ఆ పిల్ల కావాలని ఈవేళ తప్ప ఎన్నడూ అనిపించలేదు. ఈవేళ ఆ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. చివరికి గ్లాసు కింద పెట్టి, "ప్రార్థన చేసుకుని చెప్తానందండీ. అంటే ఇక లేనట్టే కదండీ?" అని అడిగాడు.

"ఆ మాట నువ్వని ఉంటే లేనట్టే ఆమోసూ," అన్నారు అయ్యగారు. "ఆ పిల్ల నిజంగానే ప్రార్థన చేసుకుంటుంది."