దంతాలమ్మ గీసిన మంచు పటం

ఎండాకాలంలో కూడా మంచు కరగని ఉత్తర ధ్రువపు సముద్రం. ఆ ఒడ్డున వాల్రస్ అనే ఓ ముసలి నీటిజంతువు ఉండేది. మూతి కింద బారెడు దంతాలు రెండు, అందుకే అందరూ దంతాలమ్మ అనేవాళ్ళు. మొగుడు పోయి చాన్నాళ్ళయింది. ఒడ్డు మీద ఎవరికి ఏమొచ్చినా దాని నెత్తినే పడేది.

ఓ రోజు పొద్దున పెద్ద ఓడ రాతికి కొట్టుకుని పొట్ట పగిలింది. నల్లటి నూనె నీళ్ళమీద తేలుతూ ఇటే వస్తోంది. కొట్టుకొచ్చిన దుంగల్ని నాచుతో కట్టి అడ్డం వేస్తే ఆగుతుంది. కానీ ఉన్న దుంగలు ఒక్క చోటికే సరి.

దంతాలమ్మ అందర్నీ పిలిచి, దంతంతో మంచు మీద ఒడ్డు పటమంతా గీసింది. "ఎవరి పిల్లలెక్కడ, ఎవరి తిండెక్కడ? చెప్పండి, తొందరగా!"

తెల్ల ఎలుగుబంటి పటం మీదే నాలుగు కాళ్ళూ పెట్టి నిలబడింది. "ఈ ఒడ్డంతా నాదే."

"ముందు నా పటం మీంచి దిగరా నాయనా!"

నక్క తోకూపింది. "నాదేముందత్తా, ఆ రాళ్ళగుట్ట దగ్గర పడుంటా."

బాతులు నక్క మొహం చూసి, "మేమూ అక్కడే అత్తమ్మా, ఒట్టు," అన్నాయి.

దంతాలమ్మకి ఒళ్ళు మండింది. గడ్డిపరక మొలవని గుట్ట మీద బాతులు గుడ్లు పెట్టడమా! "నూనె అంటితే ఈకలు అతుక్కుపోయి చలికి చస్తారే! ఇప్పుడైనా నిజం చెప్పండి!"

బాతులు మళ్ళీ రాళ్ళగుట్టనే చూపించాయి. వీళ్ళని బతిమాలేకన్నా బండరాళ్ళని బతిమాలడం నయం అనుకుంది. సముద్రం వైపు చూసి ఒక్కసారి గావుకేక పెట్టింది.

"అమ్మో, వచ్చేసింది! నూనె ఒడ్డెక్కింది!"

అంతే. ఎలుగుబంటి బండల వెనక దాచుకున్న చచ్చిన తిమింగలం దగ్గరికి ఉరికింది. బాతులన్నీ వంకర పాయ వైపు ఎగిరాయి. వాటికన్నా ముందు నక్క, రాళ్ళగుట్ట వైపు తలైనా తిప్పకుండా.

దంతాలమ్మ ఈదుకుంటూ వంకర పాయలోకి వెళ్ళింది. గట్టు మీద బాతుల గూళ్ళు. పక్కనే బొరియలో నక్క పిల్లలు.

"నూనె ఏదత్తా?" అంది నక్క, రొప్పుతూ.

"వస్తోందిలే. అబద్ధం ఆడటం నీకొక్కడికే వచ్చా?"

ఓ బాతు గొణిగింది. "చోటు చెప్తే ఎలుగుబంటి గుడ్లన్నీ తినేస్తుందని నక్క బావే అన్నాడు."

"మరి వాడి బొరియ ముందు ఆ గుడ్డు పెంకుల కుప్ప ఎవరిదే?"

బాతులు కుప్పని చూశాయి. నక్కని చూశాయి.

ఈలోగా ఎలుగుబంటి వచ్చి మొదలెట్టింది. "నా తిమింగలం సంగతేంటి?"

"నీకు కాళ్ళున్నాయి, ఇంకోచోట తింటావు. గుడ్లకి కాళ్ళున్నాయా? వాగింది చాలు, దుంగ పట్టు!"

సాయంత్రానికి నూనె వచ్చి పాయ నోటి దగ్గర దుంగలకి కొట్టుకుని ఆగింది. బండల వెనక తిమింగలం మాత్రం నల్లగా మునిగింది.

మర్నాడు నక్క ఏడుపు మొహంతో వచ్చింది. "అత్తా, బాతులు కాపలా పెట్టాయి. ఒక్క గుడ్డూ దొరకట్లేదు."

"నీ పిల్లలకి జిడ్డంటలేదుగా? వెళ్ళి చేపలు పట్టుకో ఫో!"

ముప్పు రాకముందే మనకి దెబ్బ తగిలే చోటేదో నిజం చెప్పుకోకపోతే, కాపలా వెళ్ళి ఖాళీ గుట్ట మీద కూచుంటుంది.