దేవుడికి చెప్పిన మాట

రేపల్లె స్టేషను వెనక పేటలో రాహేలమ్మ అనే ఆవిడ ఉండేది; ప్రార్థన చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు గానీ, ఒకరి గుట్టు ఆమె చెవిన పడితే నాలుగు రోజులు లోపల నిలిచేది కాదు.

ఆ సంగతి ఆమెకే తెలియదు. తనకు చాడీలు చెప్పే అలవాటు లేదని ఆమె గట్టి నమ్మకం. కుళాయి దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడుకుంటుంటే, "పరుల మాటలు మనకెందుకమ్మా" అని బిందె నింపుకుని వచ్చేసేది. అయితే ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో స్త్రీల ప్రార్థన జరిగేది. అక్కడ మోకరించి కళ్లు మూసుకోగానే పేటలోని బాధలన్నీ ఒక్కొక్కటిగా దేవుడికి చెప్పేది. ఫలానావారి కోడలు పుట్టింటికి ఎందుకు వెళ్లిందో, ఫలానా ఆయన తాగి వచ్చి ఏం పగలగొట్టాడో, ఏదీ వదిలేది కాదు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా కళ్లు మూసుకునేవారు. చెవులు మాత్రం తెరుచుకునే ఉండేవి.

రాహేలమ్మ భర్త రైల్వేలో గ్యాంగుమన్‌గా చేసి చనిపోయాడు. ఒక్కతే కూతురు పెళ్లయి ఒంగోలులో ఉండేది. రాహేలమ్మ ఇంటికి ఒక పక్క రైల్వే కంచె. రెండో పక్క నడుమెత్తు గోడ. ఆ గోడ అవతల ఆదిలక్ష్మి ఇల్లు.

ఆదిలక్ష్మి తన ఇంటి అరుగు మీదే ఇడ్లీలు వేసి అమ్మేది. ఆమె మొగుడు వీరయ్య కల్లుగీత పని చేసేవాడు. తాడిచెట్టు మీద నుంచి పడి నడుం విరిగినప్పటి నుంచి లేచి నడవలేడు. కూర్చున్నచోటే పప్పు కడిగేవాడు, కొబ్బరి తురిమేవాడు. మిగతా చాకిరీ అంతా ఆదిలక్ష్మిదే. స్టేషను దగ్గర ఆటోవాళ్లూ, కూలికి పోయేవాళ్లూ పొద్దున్నే ఆ అరుగు ముందు గుమిగూడేవారు. మొదటి వాయి దిగగానే నాలుగు ఇడ్లీలు పళ్లెంలో పెట్టి, "అక్కా, పళ్లెం అందుకో" అని ఆదిలక్ష్మి గోడ మీదుగా ఇచ్చేది. రాహేలమ్మ భర్త పోయిన ఏడాది మొదలైన అలవాటది. ఇద్దరి దేవుళ్లు వేరైనా ఆ పళ్లెం ఏనాడూ ఆగలేదు.

ఒక ఎండాకాలం ఆదిలక్ష్మి రెండు నెలల పాటు ఇడ్లీలు వేయడం మానేసింది. ఒంట్లో నలతగా ఉందని చెప్పింది. మనిషి చిక్కిపోయింది. తర్వాత కాస్త తేరుకుని మళ్లీ పొయ్యి వెలిగించింది. కానీ ఆశా కార్యకర్త నాగమణి వారానికోసారి ఆ ఇంటికి వచ్చిపోవడం రాహేలమ్మ కంటబడింది.

"ఆ నాగమణికి మీ ఇంట్లో ఏం పని ఆదిలక్ష్మీ?" అని గోడ దగ్గర అడిగింది.

"ఏం లేదక్కా. ఊరికే వస్తుంది."

"ఊరికే ఎవరొస్తారు? నా దగ్గర కూడా దాపరికమేనా? సంగతేమిటో చెప్తే కదా నేను ప్రార్థన చేసేది."

ఆదిలక్ష్మి ఒకసారి వీధి వైపు చూసింది. తర్వాత గోడకు దగ్గరగా వచ్చింది.

"క్షయ అన్నారక్కా. అందుకే రెండు నెలలు పొయ్యి ముట్టుకోలేదు. ఇప్పుడు కళ్లె పరీక్షలో క్రిమి లేదంట. నా వల్ల ఎవరికీ ఏమీ కాదు, వండుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని డాక్టరుగారు చెప్పారు. ఇంకో నాలుగు నెలలు మాత్రలు మింగాలంతే. కానీ జనానికి ఆ పేరు చాలు కదా." ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "మీ దేవుడికి చెప్పక్కా. మనుషులకు మాత్రం చెప్పొద్దు."

"నా ప్రాణం పోయినా చెప్పను" అంది రాహేలమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు పొద్దున గోడ మీదుగా పళ్లెం వచ్చింది. రాహేలమ్మ నవ్వుతూ అందుకుంది. లోపలికి తీసుకువెళ్లి కాసేపు దాని వంక చూసింది. డాక్టరు మాట గుర్తుంది. అయినా చెయ్యి ముందుకు రాలేదు. పెరట్లోకి వెళ్లి నాలుగు ఇడ్లీలూ కోళ్లకు వేసింది. "కడుపులో బాగాలేదులే" అని తనకు తానే చెప్పుకుంది. పళ్లెం కడిగి ఇచ్చేటప్పుడు, "చట్నీ బాగుంది ఆదిలక్ష్మీ" అంది.

ఆ శుక్రవారం ప్రార్థన పాస్టరుగారి ఇంట్లో జరిగింది. పేటకు కొత్తగా బదిలీ అయి వచ్చిన షారోను టీచరు ముందుగా ప్రార్థించింది. చిన్న వయసు, మెత్తటి గొంతు. ఆమె ముగించేసరికి పాస్టరుగారి భార్య చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఇన్నేళ్లలో తన ప్రార్థనకు ఆవిడ కళ్లు తుడుచుకున్నది రాహేలమ్మ చూడలేదు.

తర్వాత వంతు రాహేలమ్మది. రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవారి కోసం మొదలుపెట్టింది. ఆమెన్‌లు పల్చగా వినబడ్డాయి. ఎవరో పిల్లాణ్ణి సర్దుకుంటున్నారు. ఎవరో గాజులు సవరించుకుంటున్నారు. అప్పుడామె గొంతు పెంచింది.

"ప్రభువా, నా గోడ అవతల ఒక తల్లి ఉంది. నిన్నెరగని తల్లి. కదల్లేని భర్తను సాకుతోంది. ఆమె ఊపిరితిత్తుల్లో క్షయ చేరింది తండ్రీ. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతోంది. ఆమెను ముట్టి బాగుచెయ్యి."

గాజుల చప్పుడు ఆగిపోయింది. ఒక్కసారిగా స్తోత్రాలు లేచాయి. రాహేలమ్మకు ఒళ్లు పులకరించింది. కళ్లవెంట నీళ్లు కూడా వచ్చాయి.

టీ తాగేటప్పుడు ఒకావిడ దగ్గరికి వచ్చి, "ఎవరక్కా పాపం?" అంది.

"పేరు చెప్పకూడదమ్మా" అంది రాహేలమ్మ. పేరు చెప్పనందుకు తనను తాను మెచ్చుకుంది. కానీ ఆమె గోడ అవతల ఉన్నది ఒక్కటే ఇల్లు.

సోమవారం నాటికి ఆదిలక్ష్మి అరుగు ముందు సగం మంది లేరు. బుధవారానికి ముగ్గురు మిగిలారు. ఏళ్ల తరబడి అక్కడే తినే ఒక ఆటో డ్రైవరు తల వంచుకుని, "ఇవాళ ఉపవాసం వదినా" అని దాటిపోయాడు. మళ్లీ వారానికి ఎవరూ రాలేదు. రుబ్బిన పిండి పులిసిపోయింది. వీరయ్య కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుని ఖాళీ వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు.

"మనుషులెంత కఠినులు" అనుకుంది రాహేలమ్మ. ఆ కఠినత్వం ఎక్కడ నుంచి మొదలైందో వెతకబోతే మనసు పక్కకు తప్పుకునేది.

ఒక మధ్యాహ్నం ఆదిలక్ష్మి గోడ దగ్గరికి వచ్చింది. ముఖంలో కోపం లేదు. అలసట ఉంది.

"అక్కా, ఎవరితోనైనా అన్నావా? తిట్టడానికి కాదు. తెలుసుకుందామని."

"నేను మనుషులెవరికీ చెప్పలేదు ఆదిలక్ష్మీ. దేవుడికే చెప్పాను."

పైకి చూస్తే మాటలో అబద్ధం లేదు. అబద్ధం కన్నా అది అన్యాయమని నోట్లోంచి వస్తుండగానే ఆమెకు తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకోలేదు.

ఆదిలక్ష్మి నిట్టూర్చింది. "నాకు తెలుసులే అక్కా. నువ్వు చెప్పవు. అయితే ఆ నాగమణే."

మర్నాడు నాగమణి వచ్చినప్పుడు ఆదిలక్ష్మి ఆమెను నడివీధిలో నిలబెట్టి కడిగేసింది. నమ్మి ఇంట్లోకి రానిస్తే నా కూట్లో మన్ను పోశావంది. ఇంకెప్పుడూ నా గడప తొక్కొద్దంది. నాగమణి భుజాన సంచీ తగిలించుకుని, "నేను చెప్పలేదమ్మా, నా పిల్లల మీద ఒట్టు" అంటూనే ఉంది. చుట్టూ జనం చేరారు. రాహేలమ్మ తన కిటికీ వెనక నిలబడి అంతా చూసింది. రెండడుగులు వేసి తలుపు తీస్తే చాలు. ఆ రెండడుగులు వేయలేదు. నాగమణి ఏడుస్తూ వీధి మలుపు తిరిగాక కిటికీ రెక్క మెల్లగా మూసింది.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం నాగమణి రాహేలమ్మ ఇంటికి వచ్చింది.

"మీరైనా కాస్త చెప్పండమ్మా" అంది. "ఆదిలక్ష్మి మాత్రలు మానేసింది. ఇరవై రోజులైంది. మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. ఈసారి ఈ మాత్రలకు లొంగుతుందో లేదో చెప్పలేం. నన్ను చూస్తే తలుపేసుకుంటోంది. నన్ను ఎంతన్నా పడతాను. ఆ మనిషి దక్కాలి కదా. పేటలో తను నమ్మేది మిమ్మల్ని ఒక్కరినేనట. తనే అందరితో అంటోంది."

రాహేలమ్మ చాపకొస పట్టుకుని కూర్చుండిపోయింది. తన వల్ల పడిన నింద మోస్తూ, తను పాడుచేసిన మనిషి ప్రాణం కోసం తన గుమ్మం ముందే బతిమాలుతున్న నాగమణి ముఖంలోకి చూడలేకపోయింది. "చెప్తాలే" అని మాత్రం అంది. ఆ రోజంతా గోడ దగ్గరికి పోవడానికి కాళ్లు రాలేదు.

మర్నాడు ఆదివారం. గుడిలో పాస్టరుగారు ఆజ్ఞలన్నిటిలోకీ గొప్పదాని గురించి చెప్పారు. దేవుణ్ణి నిండు మనసుతో ప్రేమించడం, నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ణి ప్రేమించడం.

"మొదటిది పాటిస్తున్నామో లేదో మన పాటలను బట్టి, ప్రార్థనలను బట్టి తెలియదు" అన్నారాయన. "దేవుడు కంటికి కనబడడు కాబట్టి ఆయన్ను ప్రేమిస్తున్నామని ఎవరైనా అనవచ్చు. పొరుగువాడు కనబడతాడు. అక్కడ దొరికిపోతాం." తర్వాత ఎప్పటిలాగే, "రాహేలమ్మగారు ప్రార్థన నడిపిస్తారు" అన్నారు.

రాహేలమ్మ లేచి నిలబడింది. చేతులు జోడించింది. "ప్రభువా" అంది. తర్వాత మాట రాలేదు. అందరూ తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు. ఆమెకు ఆ వంచిన తలలు కనబడ్డాయి. ఇన్నేళ్లూ తాను మాట్లాడింది ఈ తలలతోనే అని అప్పుడర్థమైంది. దేవుడి పేరు పెట్టి వీళ్లను పిలిచింది, అంతే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అలాగే కూర్చుండిపోయింది. షారోను టీచరు లేచి ప్రార్థన ముగించింది.

గుడి నుంచి రాహేలమ్మ తిన్నగా ఆదిలక్ష్మి ఇంటికే వెళ్లింది. గోడ దగ్గర నుంచి కాదు, వీధి గుమ్మంలోంచి. వీరయ్య నులకమంచం మీద ఉన్నాడు. ఆదిలక్ష్మి చేటలో బియ్యం ఏరుతోంది.

"నాగమణి చెప్పలేదు ఆదిలక్ష్మీ" అంది రాహేలమ్మ నిలబడే. "నేను చెప్పాను."

ఆదిలక్ష్మి చెయ్యి ఆగింది. "దేవుడికి చెప్పానన్నావు."

"దేవుడికి చెప్తున్నట్టు వాళ్లకు చెప్పాను. నా ప్రార్థన బాగుందనిపించుకోవడానికి నీ జబ్బు వాడుకున్నాను. నువ్వు అడిగినప్పుడు దాచాను. నాగమణిని తిడుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉన్నాను."

వీరయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నీకు చెప్పిన మర్నాడు పళ్లెం ఇచ్చాను" అంది ఆదిలక్ష్మి నెమ్మదిగా. "తిన్నావా?"

ఈ ఒక్కటీ దాచుకోవచ్చు. ఎవరికీ తెలియదు. రాహేలమ్మ తల వంచుకుంది.

"లేదు. కోళ్లకు వేశాను."

ఆదిలక్ష్మి తిట్టలేదు, ఏడవలేదు. "ఇంటికి పోండి రాహేలమ్మగారూ" అంది.

పన్నెండేళ్లుగా అక్కా అని పిలిచిన నోటితో గారూ అని పిలిపించుకుని రాహేలమ్మ గుమ్మం దిగింది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కానీ వెళ్లిపోకుండా వెనక్కి తిరిగింది. "నన్ను క్షమించమని అడగను. మాత్రలు మాత్రం మానొద్దు. వాటితో నీకు పగ లేదు" అంది.

అటు నుంచి అటే నాగమణి ఇంటికి వెళ్లి ఆమెకూ అంతా చెప్పింది. నాగమణికి కోపం వచ్చింది. నాలుగు మాటలు అంది. రాహేలమ్మ పడింది. ఆ సాయంత్రమే ఏ వీధిలో నాగమణిని నిలబెట్టారో ఆ వీధిలోనే, ఇంటింటికీ వెళ్లి, నాగమణి తప్పేమీ లేదు, నోరు జారింది నేనని చెప్పింది. శుక్రవారం స్త్రీల ప్రార్థనలో మోకరించలేదు. కళ్లు తెరిచి, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ తను చేసింది చెప్పింది. ఆదిలక్ష్మికి డాక్టరు చెప్పిన మాట, ఆమె అనుమతి తీసుకున్నాకే, ఉన్నదున్నట్టు వినిపించింది. కొందరు తలలు దించుకున్నారు, ఎందుకంటే ఆ మాటను ఇంటికి మోసుకుపోయింది వాళ్లే. ఇకమీదట ప్రార్థన నడిపించనని చెప్పి రాహేలమ్మ వెనక వరసలో కూర్చుంది.

ఆదిలక్ష్మి నాగమణి చేతులు పట్టుకుని క్షమాపణ అడిగింది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. మొదటి నుంచీ లెక్క వేసి, మందు మార్చి, మరో ఆరు నెలలు వాడమన్నారు. అనవసరంగా పెరిగిన ఆ నెలల్లో ప్రతి రోజూ ఆమె వాంతి చేసుకునే చప్పుడు గోడ మీదుగా రాహేలమ్మకు వినబడేది. అది విని తీరవలసిందేనని ఆమె అక్కడి నుంచి లేచిపోయేది కాదు. వ్యాపారం ఆ పేటలో మళ్లీ పుంజుకోలేదు. జబ్బు పూర్తిగా నయమయ్యాక ఆదిలక్ష్మి రైలు పట్టాలకు అవతల, కొత్త చోట పొయ్యి పెట్టుకుంది. రోజూ తెల్లవారుజామున పిండి గిన్నె మోసుకుంటూ అంత దూరం నడవవలసి వచ్చేది. రాహేలమ్మ రెండో గిన్నె అందుకుని వెనకాల నడిచేది. ఆదిలక్ష్మి వద్దనేది కాదు. రమ్మనేది కాదు.

ఎవరైనా తమ కష్టం చెప్పుకోవడానికి వస్తే రాహేలమ్మ వినేది. తర్వాత తన గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, పెదవులు కూడా కదలకుండా ప్రార్థించేది.

నీతి: పొరుగువాడి గుట్టు కాపాడలేని నోరు దేవుణ్ణి ఎంత పొగిడినా అది ప్రేమ అనిపించుకోదు; పొరుగువాణ్ణి ప్రేమించినవాడే దేవుణ్ణి ప్రేమించినవాడు.