బక్కయ్య వేళ

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా బారసాల కూడా కాని రోజుల్లో, కొలిమిపాడు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక వీధి నిండా కంచుపని చేసేవాళ్ళే. చెంబులు చేసేవాళ్ళు, పళ్ళేలు సాగగొట్టేవాళ్ళు, గంటలు పోతపోసేవాళ్ళు. వీధి మొత్తానికి ఒకటే కొలిమి. కొలిమికి ఒకటే తిత్తి. ఆ తిత్తిని ఊదేవాడు ఒక్కడే, బక్కయ్య.

బక్కయ్యకు చెంబు చెయ్యడం రాదు. పళ్ళెం సాగగొట్టడం రాదు. గంట పోయడం అసలే రాదు. వచ్చిందల్లా తిత్తి ఊదడం. తిత్తి అంటే మరేం లేదు, మేకతోలు సంచి. దాని నోరు తెరిచి పైకెత్తితే లోపల గాలి నిండుతుంది. నోరు మూసి కిందికి నొక్కితే ఆ గాలి గొట్టంలోంచి పోయి నిప్పును రాజేస్తుంది. తెరిచి ఎత్తాలి, మూసి నొక్కాలి. తెరిచి ఎత్తాలి, మూసి నొక్కాలి. పొద్దుపొడుపు నుంచి అదే పని. ఆ పనిలో ఉన్నంతసేపూ ముక్కు మీద ఈగ వాలినా తోలుకునేవాడు కాదు.

కానీ మేతకు పోయిన పశువులు ఇంటిదారి పట్టి, వాటి కాళ్ళ దుమ్ము వీధి మొదట్లో లేచిందంటే చాలు, తిత్తి వదిలేసేవాడు. చేతులు కడుక్కునేవాడు. తలగుడ్డ దులిపి భుజాన వేసుకునేవాడు.

"అప్పుడేనా బక్కయ్యా?" అని ఎవరైనా అడిగితే, "నొక్కింది చాలు, ఇక ఎత్తనీయండయ్యా" అనేవాడు.

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే పనిలో పడేవాళ్ళు.

ఆ వీధికి పెద్ద సింగరాచారి. ఆయన చేసిన గంట మోగితే దారినపోయేవాడు నిలబడి వినాల్సిందే. ఆయన భార్య గౌరమ్మ. పెళ్ళయిన చాలా ఏళ్ళకు వాళ్ళకో ఆడపిల్ల పుట్టింది. చెంగమ్మ అని పేరు పెట్టుకున్నారు.

పిల్ల పుట్టిన ఏడాదే కొండమీది గట్టమ్మ తల్లి జాతర పెద్దలు వచ్చారు. "ఆచారీ, ఏడూళ్ళకు వినబడే గంట కావాలి. వచ్చే జాతరకు అందాలి" అన్నారు.

ఆచారి ఒప్పుకున్నాడు. ఇక ఆ రోజు నుంచి ఇల్లు మరిచాడు. పిల్ల లేవకముందే కొలిమికి వెళ్ళేవాడు. పిల్ల నిద్రపోయాక ఇంటికి వచ్చేవాడు. పశువుల వేళకు బక్కయ్య లేచిపోతే పళ్ళు కొరుక్కుని, నిప్పు అక్కర్లేని పని ఏదో ఒకటి ముందేసుకుని కూర్చునేవాడు.

బక్కయ్య ఇంటికి పోయే దారిలోనే ఆచారి ఇల్లు. గౌరమ్మ ఇచ్చే మజ్జిగ తాగుతూ బక్కయ్య కాసేపు అరుగు మీద కూర్చునేవాడు. బుగ్గలు పూరించి తిత్తిలా ఊదేవాడు. పిల్ల కిలకిల నవ్వేది.

ఒకనాడు గౌరమ్మ కొలిమి దగ్గరికి పరుగున వచ్చింది. "ఏమయ్యో, పిల్ల అడుగులేస్తోంది! వచ్చి చూడు."

"రేపు చూస్తాలే. రేపు వెయ్యదా ఏం?" అన్నాడు ఆచారి.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. "ఏమయ్యో, పిల్ల చేతులు చాచి ఎత్తుకోమంటోంది! వచ్చి ఎత్తుకో."

"రేపు ఎత్తుకుంటాలే. అసలు ఇదంతా ఎవరి కోసం? దాని కోసం కాదూ?"

"అయితే ఆ గంటను ఒళ్ళో పడుకోబెట్టుకుని జోలపాడు" అని మూతి తిప్పి వెళ్ళిపోయింది గౌరమ్మ.

మూడోసారి గౌరమ్మ పరుగున రాలేదు. మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిల్లకు మాటొచ్చింది. నాన్నా అంది."

ఆచారి చేతిలోని సుత్తి ఆగింది. "అందా? నన్నే?"

"నిన్ను కాదు. బక్కన్నను."

కొలిమి దగ్గరున్నవాళ్ళు ఫక్కున నవ్వారు. "ఆచారీ, నీ గంట ఏడూళ్ళకు వినబడుతుందో లేదో గానీ, నీ గొంతు నీ ఇంట్లోనే వినబడటం లేదయ్యా!" అన్నాడొకడు.

ఆచారి పనిముట్లు కింద పడేసి ఇంటికి నడిచాడు. అరుగు మీద బక్కయ్య తల వంచుకుని కూర్చున్నాడు. చెంగమ్మ అతని తలగుడ్డ పట్టుకుని ఆడుతోంది. ఆచారి చేతులు చాచాడు. పిల్ల ఆయన మసి మొహం చూసి కెవ్వుమంది. పరుగెత్తి తల్లి చీరలో దూరింది. పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

ఆచారికి గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ నొప్పి కోపమై నోట్లోంచి వచ్చింది.

"ఒరే బక్కా! నా కొలిమి ఎగ్గొట్టి నా ఇంట్లో చేరావా? రేపటి నుంచి కొలిమి గడప తొక్కకు. నీ తిత్తి నేనే ఊదుకుంటాను. బ్రహ్మవిద్యా ఏంటి!"

బక్కయ్య లేచాడు. తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆచారే తిత్తి దగ్గర కూర్చున్నాడు. గంట అచ్చు సిద్ధంగా ఉంది. లోహం కరిగించే మట్టి మూసలో కంచు వేసి ఉంది. ఊదడమే తరువాయి. ఆచారికి తొందర. తిత్తి నోరు తెరిచి గాలి నిండేదాకా ఆగడం వృథా అనిపించింది. నోరు సరిగ్గా తెరవకుండానే ఎత్తాడు, నొక్కాడు. ఎత్తాడు, నొక్కాడు. నిప్పు రాజుకున్నట్టే రాజుకుని నీరసపడింది. ఇంకా తొందరగా ఎత్తాడు. నోరు మూసుకుపోయిన తిత్తికి పైనుంచి గాలి ఏది? గొట్టంలోంచి వెనక్కు పీల్చింది. పీల్చుకుంటే వచ్చింది గాలి కాదు, నిప్పు. కణకణలాడే బొగ్గులు తోలు సంచిలోకి దూరాయి. తోలు చుర్రుమంది. తిత్తికి పిడికెడంత బొక్క పడింది. మూసలో సగం కరిగిన కంచు అలాగే గడ్డకట్టింది.

ఆచారి కాలిన తిత్తిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, దాన్ని చంకన పెట్టుకుని, బక్కయ్య గుడిసెకు వెళ్ళాడు.

"బక్కయ్యా" అన్నాడు. తిత్తిని అతని ముందు పెట్టాడు.

బక్కయ్య తిత్తిని తిప్పి చూశాడు. "గాలి నిండనీయకుండా నొక్కారా అయ్యా?" అన్నాడు.

"ఊఁ."

"కొత్త తోలు వేస్తే సరి. తిత్తిదేముంది." తిత్తిని పక్కన పెట్టి అన్నాడు, "పాప నన్ను పిలిచిన పిలుపు నాది కాదయ్యా. దారి తప్పి నా దగ్గరికొచ్చింది. మీకు అప్పజెప్పాలనే రోజూ అరుగు మీద కూర్చుంటున్నాను. మీరేమో దొరకరు."

ఆచారి కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు పనికి రా."

"వస్తాను. కానీ పశువుల వేళకు నేనొక్కణ్ణే లేవను. ముందు మీరు లేవాలి. మీ వెనకాల నేను."

"జాతరకు గంట అందదు బక్కయ్యా."

"అందదు" అని ఒప్పుకున్నాడు బక్కయ్య. "జాతర మళ్ళీ ఏడాదీ వస్తుందయ్యా. పాప మళ్ళీ ఇంత చిన్నది కాదు."

ఆ సాయంత్రం ఆచారి మొహం కడుక్కుని, పశువుల వెంబడే ఇల్లు చేరాడు. పిల్లను పిలవలేదు. అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. మొదటి సాయంత్రం చెంగమ్మ తలుపు చాటున దాక్కుంది. రెండో సాయంత్రం స్తంభం పక్కనుంచి తొంగిచూసింది. మూడో సాయంత్రం ఆచారి బుగ్గలు పూరించాడు. పిల్ల ఒక్కో అడుగే వేసి దగ్గరికొచ్చింది. రెండు చేతులతో ఆ బుగ్గలు గట్టిగా నొక్కింది. బుస్సుమని గాలి వచ్చింది. పిల్ల విరగబడి నవ్వింది.

నాన్నా అని పిలవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆచారి తొందరపడలేదు.

గంట ఆ జాతరకు అందలేదు. "ఏడూళ్ళ గంట ఏది ఆచారీ? మా ఒక్క ఊరికీ వినబడలేదే!" అని జనం ఎకసెక్కాలాడారు. ఆ మాటలన్నీ ఆచారి పడ్డాడు. మరుసటి జాతరకు గంట కొండెక్కింది, ఏడూళ్ళకూ వినబడింది. ఈలోగా వీధిలో మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు పశువుల వేళకు లేవడం మొదలుపెట్టారు. పొద్దుట మాత్రం ఎవరూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కాదు. అలా వస్తే బక్కయ్య ఊరుకునేవాడు కాదు.

ఏళ్ళు గడిచాయి. ఒకనాడు బక్కయ్య పోయాడు. వీధి వీధంతా కొలిమి చల్లార్చి పాడె మోసింది.

బక్కయ్య స్థానంలో కండపుష్టి ఉన్నవాణ్ణి పెట్టారు. వాడు అలుపెరగకుండా ఊదేవాడు. ఒక పశువుల వేళ దుమ్ము లేచింది. ఎవరూ లేవలేదు. ఎవరికి వారు పక్కవాడు లేస్తాడేమోనని చూశారు. లేపేవాడు లేడు మరి. సుత్తులు మోగుతూనే ఉన్నాయి. పశువులు ఇళ్ళకు చేరాయి. ఇళ్ళలో దీపాలు పెట్టారు.

అప్పుడు చెంగమ్మ వచ్చింది. అప్పటికి పరికిణీ కట్టే వయసు. తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఎత్తిన సుత్తిని ఆయన చేతిలోంచి తీసుకుని, రెండు చేతులా ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"బక్కయ్య వేళ దాటిపోతోంది నాన్నా" అంది.

ఆచారి లేచాడు. వీధంతా లేచింది.

ఆ ఊళ్ళో ఆ వేళకు ఇప్పటికీ అదే పేరు. దుమ్ము లేచినా పని వదలనివాడు ఉంటే ఇంట్లోవాళ్ళు వాదన పెట్టుకోరు. పిల్లల్ని పంపుతారు. ఆ వేళ పిల్లలు ఎవరి చేతిలోని పనిముట్టునైనా తీసేసుకోవచ్చు. సుత్తి కానీ, కొడవలి కానీ, కరణంగారి చేతిలోని కలం కానీ. వాళ్ళను కసరడానికి వీల్లేదు, ఎంత పెద్దవాడైనా సరే. పొద్దున వెళ్ళి ఆ పిల్లల్నే అడిగి తెచ్చుకోవాలి.