మెరవని రాగి

"మాస్టారూ, పాత బండి మీద మురికేదో, వయసేదో ఎలా తెలుస్తుంది?" అని షెడ్డులో నాతోపాటు పని నేర్చుకునే నాగజ్యోతి అడిగింది.

దైవసహాయం మాస్టారు పాలిటెక్నిక్‌లో మోటార్ల పాఠం చెప్పి రిటైరై, విశాఖపట్నంలో షెడ్డు వేసుకుని, పెట్రోలు బళ్లు ఊళ్లను ఏలకముందు తిరిగిన బ్యాటరీ కార్లను బాగుచేసేవారు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్ల చేతిలో పని పెట్టి తాను కుర్చీలో వెనక్కి వాలేవారు. అందుకు ఒళ్లు మండని శిష్యులు లేరు, మానేసినవాళ్లూ లేరు.

అప్పుడు షెడ్డులో ఉన్నది వసుమతీదేవి గారి కారు. దాన్ని వాళ్ల నాయనమ్మ ఓడలో తెప్పించుకుని, స్టీరింగ్ చక్రానికి బదులు ఉన్న పొడుగాటి కడ్డీ పట్టుకుని తానే నడిపేదట. ఆ నాయనమ్మ ఒడిలో కూర్చుని వాల్తేరు ఎత్తు మీది బంగళాకు ఎక్కడం ఒక్కటే వసుమతీదేవి గారికి మిగిలిన జ్ఞాపకం. ఇంట్లోవాళ్లు మాత్రం కారును ఒక హోటలుకు ఇచ్చేద్దామన్నారు. అక్కడ మోటారు పీకేసి, సీట్ల మీద పూలకుండీలు పెడతారు. ఆదివారం బండి తనంతట తాను ఎత్తెక్కితే ఉంచుదాం, లేకపోతే ఇచ్చేద్దాం అని చివరికి ఖాయం చేశారు.

నాగజ్యోతి ఆ కారును ప్రాణంగా చూసుకుంది. అందుకే చెడగొట్టింది. మోటారులో కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్షులు, రాసుకునే రాగి డ్రమ్ము ఒకటుంటుంది. అది ముదురు గోధుమరంగులో మాసినట్టు కనిపించేసరికి ఆమె చెయ్యి ఊరుకోలేదు. రాగిచెంబును రోజూ చింతపండుతో తోమే ఇంట్లో పుట్టిన పిల్ల మరి. గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, మాస్టారిని పిలిచి చూపించింది. ఆయన స్విచ్చి వేశారు. డ్రమ్ము చుట్టూ నీలిమంటలు లేచాయి, బ్రష్షులు కీచుమన్నాయి.

"ఏటైపోయింది మాస్టారూ?" అంది నాగజ్యోతి.

"దాని చర్మం ఒలిచేశావు. తిరగ్గా తిరగ్గా కార్బనూ రాగీ కలిసి కట్టుకున్న పొర అది."

"ఇప్పుడేం రాయమంటారు?"

"రాయడానికేం లేదు. తిరగనియ్యి."

చక్రాలు నేలకు తగలకుండా బండిని దిమ్మల మీదికి ఎత్తారు. నాగజ్యోతి మోటారును మొదట నెమ్మదిగా, తర్వాత కాస్త బ్రేకు తగిలించి, ఆ వారమంతా తిప్పుతూ కూర్చుంది. అన్నం తింటున్నా కన్ను దాని మీదే. ఏడ్చింది కూడా. మాస్టారు చూడనట్టే ఉన్నారు. శనివారానికి రాగి మీద గోధుమరంగు కమ్మింది. మెరుపు పోయింది, మంటలూ పోయాయి. మాసిపోయిన రాగిని చూసి అంత సంబరపడ్డ మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆదివారం కడ్డీ నాగజ్యోతి పట్టుకుంది, పక్కన వసుమతీదేవి గారు కూర్చున్నారు. హోటలు మనిషి ముందే వచ్చి కొలతల టేపుతో గేటు దగ్గర నిలబడ్డాడు. బంగళాకు వెళ్లే ఎర్రమట్టి దారిలో బండి నెమ్మదించింది, మలుపులో ఇక ఆగిందనే అనుకున్నాం. ఆగలేదు. సన్నగా జుమ్మంటూ, దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగి, టేపు మనిషి పక్కకు గెంతుతుండగా గేటు దాటి, మెట్ల ముందు నిలిచింది. ఇచ్చేద్దామన్న ఇంట్లోవాళ్లే చప్పట్లు కొట్టారు. వసుమతీదేవి గారు నాగజ్యోతి చెయ్యి వదలకుండా, "మలుపు దగ్గర మా నాయనమ్మా నీలాగే ఊపిరి బిగబట్టేదమ్మా" అన్నారు.

నాగజ్యోతికి సంతోషంలో ఏం చెయ్యాలో తోచలేదు. కిందికి దిగి, చున్నీ చెంగుతో బండి మీది ఎర్రదుమ్ము తుడవబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనియ్యమ్మా. అది ఇవాళ సంపాదించుకున్నది."